అడిగించుకున్న మనిషి

ఈ ఏడు కల్లంలో మిరపకాయలు ఏరుతూ కూర్చున్నాను. కాసేపటికి చూసుకుంటే నా ముందు మూడు కుప్పలున్నాయి. మా వైపు ఎవరైనా రెండే పెడతారు. ఎర్రకాయ ఒక పక్క, తెల్లబడిన తాలుకాయ ఇంకో పక్క. మూడో కుప్ప పెట్టే మనిషి మా ఊళ్ళో ఒక్కతే ఉండేది. ఆవిడ పోయి నాలుగు నెలలైంది. ఉన్నన్నాళ్ళూ ఆ మూడో కుప్పను చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆవిడ మా బావగారి భార్య. నాకు తోడికోడలు. అక్కా అని పిలిచేదాన్ని. చాలా ఏళ్ళు ఒకే వంటింట్లో, ఇల్లు పంచుకున్నాక ఒకే గోడకు చెరో పక్క బతికాం. గోడలో రాకపోకలకు ఒక సందు వదిలారు. ఆవిడ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆ మాటకొస్తే నన్నెవరూ ఏదీ అడగలేదు. ఈ రాతంతా దాని గురించే.

మూడో కుప్పలో ఆవిడ వేసేది సగం రంగు తిరిగిన కాయలు. కూలికి వచ్చిన ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఏంది పెద్దమ్మా, మళ్ళీ ఆ మూడో కుప్ప?"

"దీనికింకా రంగు తేల్లేదండి. రెండ్రోజులు కప్పెట్టి చూద్దాం. ఎరుపో తాలో అదే చెబుతాది. తొందరెందుకు?"

"కాయని గూడా అడగాలంటమ్మా! మా ఇంట్లో అన్నం తిన్నావా అని మమ్మల్నడిగే దిక్కు లేదు."

"ఆయ్, అందుకేనండి, కాయనైనా అడుగుదాం."

ఆ "ఆయ్" మా వైపు మాట కాదు. గోదావరి మాట. ఆవిడ యానాంలో పుట్టింది. చుట్టూ అన్నీ తెలుగు ఊళ్ళే అయినా, ఆవిడ పుట్టిన నాటికి ఆ ఒక్క ఊరూ ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళ నాన్న అక్కడి కచేరీలో గుమాస్తా. ఆవిడ పెళ్ళయి గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర మా పల్లెకు వచ్చేసరికి ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు గాని, కాగితాల మీద అప్పగింత ఇంకా మిగిలి ఉంది. అది కూడా పూర్తయిన ఏడు, అక్కడ పుట్టిన ఫ్రెంచి పౌరులకు ఒక హక్కు ఇచ్చారు. ఏ దేశం వాళ్ళుగా ఉండాలో ఆరు నెలల్లో తేల్చుకోవచ్చు. వాళ్ళ నాన్న ఆ కాగితం పట్టుకుని రైల్లో నల్లపాడు దాకా వచ్చి, అక్కణ్ణించి ఎడ్లబండి మీద మా ఊరొచ్చి, కూతురి చేతిలో పెట్టి వెళ్ళాడు.

అప్పటికి నేనింకా ఆ ఇంటికి రాలేదు. ఈ కథ నాకు చెప్పింది మా అత్తగారు. ఆవిడ చెప్పడంలోనే కారం ఉండేది.

"ఆర్నెల్లే అమ్మాయ్, ఆర్నెల్లు! మీ మావ పొద్దున్నే లేచి ముందు దీన్ని అడిగి ఆ తర్వాతే కాఫీ ముట్టేవాడు. 'ఏమ్మా, తేల్చావా?' అంటాడు. ఇదేమో, 'ఆలోచించుకుంటున్నానండి మావయ్యగారూ' అంటది. ఆలోచించేదానికి అందులో ఏముంది? గుంటూరులో అయితే మన పెద్దమ్మాయి ఉంది. ఫ్రాన్సులో ఎవరున్నారే మనకి? నాకు మాత్రం లోపల పీకులాట. ఇది పోతా పోతా మావాణ్ణి గూడా తీసుకుపోద్దేమోనని."

మా మామగారు ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. ఎడ్లను మార్చినా, కొడుకులకు పెళ్ళి కుదిర్చినా, చెప్పడమే. అలాంటివాడు పంతొమ్మిదేళ్ళ కోడలి ముందు ఆరు నెలలు రోజూ నిలబడ్డాడు. గడువు ముగిసిన రోజు ఆవిడ "ఇక్కడే ఉంటానండి" అన్నదట. "ఇండియా అని రాశావా?" అని ఆయన అడిగితే, "ఆయ్, తేల్చేశానండి" అన్నదట. ఆ రోజు ఇంట్లో గారెలు వండించాడు. మా అత్తగారు ఆ గారెల సంగతి చెప్పేటప్పుడు ఆ కారం ఇంకా ఎక్కువయ్యేది. "ఇన్ని కాన్పులయ్యాయి నాకు, ఒక్కదానికన్నా వండించాడా?"

ఆరు నెలలు అడగడం అలవాటైన నోరు ఆ తర్వాత ఆగలేదు. ఈ ఏడు పత్తి వేద్దామా, మిరపా? ఏ విత్తనం? ఆడపిల్లకు వచ్చిన సంబంధం ఎలా ఉంది? ముందు మామగారు, ఆయన తర్వాత బావగారు, ఆ తర్వాత మా ఆయన కూడా, అందరూ ఆవిడ దగ్గరికే. ఆవిడ వెంటనే చెప్పేది కాదు. కొంగుతో చేతులు తుడుచుకుని, దూలం వైపు ఒకసారి చూసి, "రేపు చెబుతానండి" అనేది. అందరూ కలిసి ముందు రోజే అదే మాట అనుకుని ఉన్నా సరే, మర్నాడు ఆవిడ నోట వచ్చేదాకా ఆగేవాళ్ళు.

నేను ఆ ఇంటికి ఆవిడ తర్వాత ఆరేడేళ్ళకు వచ్చాను. డిగ్రీ చదివి వచ్చాను. పెళ్ళిచూపుల్లో నన్ను చదవమని పేపరు ఇచ్చారు, చదివాను. పెళ్ళికొడుకు నచ్చాడా అని ఎవరూ అడగలేదు. వచ్చిన రెండేళ్ళకు మా ఊరి గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చింది. "సోమవారం నుంచి లైబ్రరీకి పో" అన్నారు మామగారు. అర్జీ కూడా ఆయనే రాయించారు, సంతకం మాత్రం నాది. ఆ ఉద్యోగం నాకు ఎంతో ఇష్టం. ముప్ఫై ఏళ్ళు చేశాను. ఇష్టమా అని ఒక్కరు అడిగి ఉంటే ఇష్టమేనని చెప్పే సుఖం కూడా దక్కేది.

ఆవిడ నాకు చెడు చేసిందేమీ లేదు. నా రెండు కాన్పులకూ పథ్యం వండింది. నా కొడుక్కి ఆటలమ్మ పోస్తే పదిరోజులు వేపమండ పట్టుకుని కూర్చుంది. అసూయకు ఇవేవీ అడ్డం రావు. ఆవిడ బస్సెక్కితే పక్క సీటు మనిషితో రెండు ఊళ్ళు దాటకముందే ఆ మాట వచ్చేది. "మా ఊరు ఫ్రాన్సులో ఉండేదండి. నన్ను అడిగారండి, ఏ దేశం కావాలని." నేను కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. ఆగస్టు పదిహేనున బళ్ళో జెండా ఎగరేస్తే, అందరం చప్పట్లు కొట్టాక ఒక్క క్షణం ఆగి ఆవిడ కొట్టేది. ఎవరూ గమనించేవాళ్ళు కాదు. నేను ప్రతి ఏడూ గమనించేదాన్ని.

ఒకసారి ఆవిడ చెప్పేది అబద్ధమని తేల్చుకుందామనే వెళ్ళాను. గుంటూరులో పెద్ద గ్రంథాలయంలో పని ఉందని ఇంట్లో చెప్పి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాత పుస్తకాల మధ్య కూర్చున్నాను. ఫ్రెంచివాళ్ళు యానాం అప్పగించిన ఒప్పందం దొరికింది. అబద్ధం కాదు. ఆరు నెలలూ నిజమే. అయితే ఆవిడ ఎప్పుడూ చెప్పని మాట ఒకటి అందులో ఉంది. ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవాలనుకునేవాళ్ళే రాసి ఇవ్వాలి. ఏమీ రాయనివాళ్ళు గడువు దాటగానే ఇండియా పౌరులైపోతారు. ఇండియా కావాలని రాసివ్వాల్సిన పనే లేదు. అంటే మా మామగారు అన్నాళ్ళు ఎదురుచూసింది ఊరికేనే.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఎప్పుడో పనికొస్తుందని దాచుకున్నాను. పనికొచ్చింది కూడా.

మొన్నటి ఎన్నికలకు ముందు ఓటర్ల జాబితా సరిచూడటానికి ఒక అమ్మాయి ఇంటింటికీ వచ్చింది. చేతిలో ఫోను, చంకలో ఫైలు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, భయంభయంగా ప్రతిదీ రాసుకుంటోంది. అప్పటికి నేనూ అక్కా ఇద్దరం భర్తలు పోయినవాళ్ళం, ఆవిడ అరుగు మీదే కూర్చుని ఉన్నాం.

"పుట్టిన ఊరు మామ్మగారూ?"

"యానాం," అంది అక్క. అక్కడితో ఆగితే పోయేది. ఆగలేదు. "నేను పుట్టినప్పుడు అది ఫ్రాన్సమ్మా."

ఆ పిల్ల వేలు ఫోను మీద ఆగిపోయింది. "ఫ్రాన్సాండీ? మరి మీరు ఇండియా ఎప్పుడయ్యారు?"

"నన్ను అడిగారమ్మా. ఇండియా కావాలా, ఫ్రాన్సు కావాలా అని. నేను తేల్చాను."

"అలా తేల్చినట్టు కాగితం ఏమన్నా ఉందాండీ?"

అక్క లోపలికి వెళ్ళింది. పెట్టె తెరిచిన చప్పుడు వినపడింది. ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం ఒకటి తెచ్చి ఇచ్చింది. ఒక పక్క ఫ్రెంచి అక్షరాలు, గీతలు, సంతకం పెట్టాల్సిన చోటు. ఆ పిల్లకు అర్థం కాక నా చేతికిచ్చింది. చూశాను. పేరు రాయాల్సిన చోట ఏమీ లేదు. సంతకం చోట ఏమీ లేదు. ఆరు దశాబ్దాలుగా మా ఇంటిని నడిపించిన ఆ జవాబు కాగితం మీద లేదు.

"ఇది ఖాళీగా ఉంది," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఎదురింటివాళ్ళకు కూడా వినపడింది.

అక్క నా చేతిలోంచి కాగితం తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ పిల్ల పాపం కంగారుపడింది. "నేను పై ఆఫీసులో అడుగుతానండి. పదిరోజుల్లో మళ్ళీ వస్తా. ఈలోగా మీరు కూడా ఎవరన్నా తెలిసినవాళ్ళని కనుక్కోండి," అని వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఊరంతా పాకింది. ఎదురింటాయన అరుగు మీంచే కేకేశాడు. "ఏంది పెద్దమ్మా, ఈసారి ఓటు ఫ్రాన్సు పోయి ఎయ్యాలంట! మాకూ ఓ సెంటు సీసా పట్రా!"

"ఆయ్, తెస్తానండి. ముందు నీ దగ్గర గొడ్లపేడ వాసన పోవాలి గదా," అంది అక్క. నవ్వింది గాని, వెంటనే లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే గోడ సందులోంచి మా వైపు వచ్చింది. గడప మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"ఏమ్మా, నువ్వు చదువుకున్నదానివి. నా సంగతేంటో చూసి తేల్చవూ? పోయేముందు దేశం లేనిదాన్నయిపోతానేమో."

నాకు జవాబు తెలుసు. ఒక్క వాక్యం. గుంటూరు గ్రంథాలయంలో చదివి పెట్టుకున్న వాక్యం. నోటిదాకా వచ్చింది.

"చూస్తానక్కా. పుస్తకాలు తిరగెయ్యాలి," అన్నాను.

రెండోరోజు వచ్చింది. "ఏమ్మా, తేల్చావా?"

"ఇంకా లేదక్కా. ఆలోచిస్తున్నా."

ఆ మాట నా నోట ఎలా ఉందో చెప్పలేను. డెబ్బై ఐదేళ్ళు దాటాక మొదటిసారి ఒక మనిషి పొద్దున్నే లేచి నా గడప దగ్గరికి నా జవాబు కోసం వచ్చి కూర్చుంది. అదీ ఆవిడ. మూడోరోజు నుంచి వేరే సంగతులు కూడా అడగడం మొదలుపెట్టింది. కాయలు కోల్డ్ స్టోరేజీలో పెడదామా, ఇప్పుడే మిర్చి యార్డుకు పంపుదామా? మనవరాలిని గుంటూరులో చేర్పిద్దామా, విజయవాడలోనా? నేను కొంగుతో చేతులు తుడుచుకుని, పైకి చూసి, "రేపు చెబుతా" అన్నాను. ఎవర్ని చూసి నేర్చుకున్నానో ఆవిడకు తెలియకుండా ఉండదు. మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చునేది.

పొద్దున పూట కదా అని పెసరట్లు వేసి పెట్టేదాన్ని. దిగులుగా ఉందమ్మా, ముద్ద దిగట్లేదు అంటూనే రెండూ తినేది. అల్లం చట్నీ మళ్ళీ వేయించుకునేది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

అలా ఎనిమిది రోజులు నడిచింది. తొమ్మిదోరోజు ఆ అమ్మాయి వస్తానని కబురు పెట్టింది. ఇక ఆపడానికి లేదు.

"అక్కా, తేలింది. ఆ ఒప్పందంలో ఏముందంటే, ఏమీ రాయనివాళ్ళు ఇండియా వాళ్ళే. నువ్వు రాయకపోవడమే నీ జవాబు. ఆ ఖాళీ కాగితం ఖాళీగా ఉండటమే మంచిదైంది."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "అబ్బ, ఎంత మాట చెప్పావమ్మా," అంటూ లేచి నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ రోజంతా వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పింది. "మా చెల్లెలు తేల్చిందండి. ఎనిమిది రోజులు ఆలోచించి తేల్చింది."

ఆ అమ్మాయి వచ్చి నేను చెప్పింది రాసుకుంది. వాళ్ళ ఆఫీసులో కూడా అలాగే చెప్పారట, పేరు తీసెయ్యడమేమీ ఉండదని. ఎన్నికలప్పుడు ఇద్దరం కలిసి వెళ్ళి ఓటు వేసి వచ్చాం. దారి పొడుగునా ఆవిడ సిరా వేలు పైకెత్తి పట్టుకునే నడిచింది, తడి ఆరలేదని.

ఆ తర్వాత నాకే మనసు నిలవలేదు. ఎనభై దాటిన మనిషి. ఒక్క వాక్యంతో తీరే దిగులును నా సుఖం కోసం ఎనిమిది రోజులు సాగదీశాను. ఈ లోపల ఆవిడకు ఏదైనా అయి ఉంటే? చెప్పుకోవాలని చాలాసార్లు సందు దాకా వెళ్ళాను. ఆవిడ అక్కడ ఎవరికో ఏదో సలహా చెబుతూ ఉండేది. వెనక్కి వచ్చేసేదాన్ని. ఆవిడ పోయిన రోజు అందరూ నా ఏడుపు చూసి, తోడికోడళ్ళంటే ఇలా ఉండాలి అన్నారు. నేను ఏడ్చింది ఆ ఎనిమిది రోజులకు.

పోయిన వారం ఆవిడ కోడలు పాత పెట్టె ఖాళీ చేస్తుంటే దొరికిన ఆ ప్లాస్టిక్ కవరు తీసుకుని నేనున్న కల్లానికి వచ్చింది. "చిన్నత్తా, అత్తమ్మ ఫ్రాన్సు కాగితం. వెనకాల తెలుగులో ఏదో ఉంది, చూశావా?"

చూడలేదు. ఆ రోజు నేను కాగితం తిప్పలేదు. నాకు కావలసింది ముందు పక్కనే ఉంది, ఖాళీగా.

వెనక పెన్సిలు రాత. గుమాస్తా రాత, వరస తప్పకుండా, చిన్న అక్షరాలు. వాళ్ళ నాన్నది.

"అమ్మాయీ, ఫ్రాన్సు కావాలంటే ఇది నింపి పంపు. ఏమీ రాయకపోతే ఇండియా. నీ ఇష్టం. ఆరు నెలలూ ఈ సంగతి మీ అత్తవారికి చెప్పకు. అడగనీ."

కల్లంలో కూర్చుని ఆ నాలుగు ముక్కలూ ఎన్నిసార్లు చదివానో. ఆవిడకు మొదటి రోజు నుంచీ తెలుసు. మా మామగారు కాఫీ తాగకుండా నిలబడ్డ ఆరు నెలలూ తెలుసు. నా గడప మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న ఎనిమిది రోజులూ తెలుసు. దేశం లేనిదాన్నవుతానన్న దిగులు ఆవిడకు ఏనాడూ లేదు. పెసరట్లు తినడానికి వచ్చింది. నన్ను అడగడానికి వచ్చింది.

ఎందుకు వచ్చిందో నాకు తెలుసుననుకుంటాను. ఆ రోజు అరుగు మీద "ఇది ఖాళీగా ఉంది" అని నేను గట్టిగా అన్నప్పుడు, ఇన్నేళ్ళ నా కడుపుమంట ఆవిడకు వినపడి ఉంటుంది. తెల్లారేసరికి దానికి మందు తెచ్చి ఇచ్చింది. తన దగ్గర ఉన్నది అదొక్కటే.

ఇది చదివి నా అసూయ పోయిందని రాస్తే అబద్ధం. ఎక్కువైంది. ఇచ్చింది కూడా ఆవిడే అయింది, నేను పుచ్చుకున్నదాన్నయ్యాను. అన్నిటికన్నా ఆ పెన్సిలు రాత మీద అసూయగా ఉంది. నల్లపాడులో రైలు దిగి బండెక్కి వచ్చి, కూతురికి ఒక దేశం తెచ్చిపెట్టి, దానితో పాటు ఆరు నెలల మర్యాద కూడా ఎలా పుట్టించుకోవాలో చెప్పి వెళ్ళిన మనిషి. నాకు అలాంటి నాన్న లేడు.

"చిన్నత్తా, దీన్నేం చేద్దాం?" అని అడిగింది కోడలు. "అత్తమ్మ ఫొటో వెనక పెట్టనా? యానాంలో వాళ్ళవాళ్ళకు పంపనా? నీ దగ్గర ఉంచుకుంటావా? నువ్వెట్లా చెబితే అట్లా."

చేతిలో ఉన్న కాయ ఎరుపో తాలో తేలలేదు. మూడో కుప్పలో వేశాను.

"ఆలోచించి చెబుతాలే," అన్నాను.

మర్నాడు పొద్దున్నే సందులోంచి వచ్చి, "ఏం చిన్నత్తా, తేల్చావా?" అంది. ఇవాళ కూడా వచ్చి అడిగింది. ఇంకా చాలా టైముందని చెప్పి, పొయ్యి మీద పెనం పెట్టాను.